ఆమూరు వంటాయన

పోయిన వారం వంటపనికి ఒకతను వచ్చాడు. మా హాస్టలు గేటు దగ్గర చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఇంతకు ముందు యాడ చేసినావప్పా?" అని అడిగాను. "ఆంబూరులో మేడమ్, బిర్యానీ అంగట్లో" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. నవ్వి నవ్వి చివరికి ఏడ్చాను. పాపం, తనేం తప్పు మాట్లాడాడో తెలియక ఆ మనిషి నా వంకా గేటు వంకా చూశాడు. రేపు రమ్మని పంపేశాను.

ఏడెనిమిదేళ్ళ కిందట ఇదే గేటు దగ్గర ఇంకొకాయన నిలబడ్డాడు. ఆయనది వడమాలపేట. అప్పటికే తల నెరిసింది, పొట్టి మనిషి, భుజాలు మాత్రం గుండిగలు ఎత్తీ ఎత్తీ గట్టిపడి ఉన్నాయి. నేను తిరుపతిలో ఆడపిల్లల హాస్టలు నడుపుతాను. నర్సింగు పిల్లలు, కోచింగు పిల్లలు కలిసి అరవై మంది దాకా ఉంటారు. అరవై మందికి మూడు పూటలా విసుక్కోకుండా వండిపెట్టే మనిషి దొరకడమంటే, ఈ ఊళ్ళో బ్రహ్మోత్సవాలప్పుడు లాడ్జిలో గది దొరికినంత అదృష్టం. ఆయన "ఆమూరులో ఆరేండ్లు చేసినానమ్మా, రెండు వందల మంది మెస్సు" అన్నాడు. నా చెవికి ఆంబూరు అని వినబడింది. చిత్తూరు, పలమనేరు దాటితే ఆంబూరు. చివర 'ఊరు' అని వస్తే అది మన బస్సు పోయే ఊరే అనుకుంటాం కదా. పైగా ఆంబూరు అనగానే బిర్యానీ. నోట్లో నీళ్ళూరి, ఇంకో ప్రశ్న అడక్కుండా పనిలో పెట్టుకున్నాను. తిండి మీద ఆశ ఉన్నవాళ్ళకు చెవులు సరిగా పనిచెయ్యవని మా అమ్మ అంటుండేది.

మొదటి ఆదివారం పిల్లలంతా పళ్ళేలు పట్టుకుని గంట ముందే వరస కట్టారు. ఆయన తెచ్చి పెట్టింది కూరగాయల అన్నం, ఎర్రగా ఒక బీట్‌రూటు పులుసు.

"ఏందన్నా ఇది? బిర్యానీ యాడ?" అన్నాను.

"నాకు బిర్యానీ అంత బాగా రాదుమ్మా."

"ఆంబూరులో ఆరేండ్లు చేసి బిర్యానీ రాదా?"

"ఆడ యా బిర్యానీమ్మా. ఆడంతా ఉర్లగడ్డ, క్యాబేజీ, బీట్‌రూటే. చలికాలమొస్తే నది గడ్డ కట్టుకుంటాది. దాని మింద లారీలు పోతాయి."

"పాలారు మీదనా? పాలారులో తాగేదానికే నీళ్ళుండవు, గడ్డ కట్టేదేంది?"

"పాలారు కాదుమ్మా. ఆమూరు. రష్యాలో."

అరవై మంది పిల్లలు ఒక్కసారి ఘొల్లున నవ్వారు. ఆ రోజు నుంచి ఆయన పేరు ఆమూరు వంటాయన. రష్యా తూర్పు కొసన, చైనా పక్కన ఆ నది ఉందట. ఆ ఒడ్డు ఊళ్ళో మన పిల్లలు డాక్టరు చదువులకు పోతే, వాళ్ళకు సాంబారన్నం వండడానికి చిత్తూరు ఏజెంటు ఒకడు ఈయన్ని పంపాడట. కూతురి పెళ్ళికని వచ్చి, భార్య జబ్బు పడితే ఆగిపోయాడు. ఆమె పోయాక మళ్ళీ పోవడానికి వీసా కుదరలేదు. ఇవన్నీ నేను అడిగితే చెప్పినవి. అడక్కుండా చెప్పేది ఒక్కటే, హాకీ.

మధ్యాహ్నం రెండుకు మెస్సు మూసేస్తాం. రెండున్నరకు ఆయన బియ్యం మూట మీద కూర్చుని, ఇడ్లీ గిన్నెకు ఆనించి ఫోను నిలబెట్టేవాడు. అప్పుడు అక్కడ సాయంత్రం ఏడట. మెడకు ఆ ఊరి హాకీ జట్టు చారల ఉన్ని మఫ్లరు చుట్టుకునేవాడు. మన తిరుపతిలో, వంటింట్లో, ఇంకా వేడి తగ్గని పొయ్యి పక్కన, ఉన్ని మఫ్లరు! చెమటలు కారి చొక్కా తడిసిపోయినా తీసేవాడు కాదు. నేను మొదట పందేలనుకున్నాను. మా వీధిలో క్రికెట్టు పందేలకు బండ్లూ ఫోన్లూ పోగొట్టుకున్నవాళ్ళను చూసి చూసి నాకు ఫోనులో ఆట చూసే మగవాణ్ణి చూస్తేనే ఒళ్ళు మండేది.

"పందెం కట్టినావా అన్నా? నిజం చెప్పు."

"ఎవురి మింద కట్టేదమ్మా, ఎవురు కడతారు నాతో? ఈ ఊర్లో ఈ ఆట సూసేది నేనొగణ్ణే గదా."

అది నిజమే. పక్కన నిలబడి చూశాను. తెల్లటి నేల మీద లావు లావు బట్టలు కట్టుకున్న మనుషులు కర్రలు పట్టుకుని జారుతున్నారు, గుద్దుకుంటున్నారు. హాకీ అంటే గడ్డి మీద ఆడేదే నాకు తెలుసు. "మంచు మీద హాకీ ఏంది అన్నా?" అంటే, "మన బిళ్ళంగోడు మాదిరే అనుకోమ్మా. బిళ్ళ రబ్బరుది, అంతే" అన్నాడు. ఎన్నిసార్లు చూసినా ఆ బిళ్ళ మాత్రం నాకు కనబడలేదు. నేను వెతుకుతుండగానే గోలు అయిపోయేది, ఆయన ఎగిరేవాడు. "బిళ్ళను సూడొద్దుమ్మా, మనుసులు యా పక్కకు తిరిగినారో సూడు. బిళ్ళ ఆడికే వస్తాది" అనేవాడు. నేను మనుషులనూ చూశాను. వాళ్ళు అన్ని పక్కలకూ తిరిగేవాళ్ళు.

ఆ ఆటలో తప్పు చేసినవాణ్ణి రెండు నిమిషాలు ఒక అద్దాల పెట్టెలో కూర్చోబెడతారట. వంటాయన దాన్ని మా మెస్సుకు తెచ్చాడు. వరసలో తోసుకున్న పిల్లను గరిటెతో చూపించి, "రెండు నిమిసాలు జైలు" అనేవాడు. ఆ పిల్ల ఊరగాయ జాడీ పక్కన నిలబడాలి. ఆయన గోడ గడియారం చూసి సరిగ్గా రెండు నిమిషాలకు పిలిచి, ఆకలి మీదుంది కదా అని ఒక వడ ఎక్కువ వేసేవాడు. దాంతో వడల రోజున పనిగట్టుకుని తోసుకునే పిల్లలు తయారయ్యారు. జట్టు గెలిస్తే ఆ రాత్రి భోజనంలో సేమ్యా పాయసం. ఓడితే రసంలో ఉప్పెక్కువ. ఆ జట్టు గెలిచేది తక్కువ కాబట్టి నా చక్కెర మిగిలింది గానీ, రసం తాగలేక చచ్చేవాళ్ళం.

ఇంత పిచ్చి ఎట్లా పట్టిందని ఒకరోజు చెనిక్కాయలు ఒలుస్తూ అడిగాను. ఆయన చెప్పింది నాకు ఇప్పటికీ సగమే అర్థమైంది.

"మొదటి చలికాలంమ్మా. బయట నిలబడితే మీసం మింద మంచు పేరుకుంటాది. పిల్లోళ్ళు తిని కాలేజీకి పోతారు, మళ్ళా రాత్రికే వచ్చేది. మాట్లాడేదానికి ఎవురూ లేరు. గదిలో హీటరు సరింగా పన్జేసేది కాదు. వెచ్చంగా యాడుంటాదా అని తిరగతా ఉంటే ఆ ఆటలాడే హాలు కనబడె. గేటు కాడ ఒగ ముసిలాయన. నా సేతిలో సమోసాలుండాయి, ఒగటిస్తి. లోపలికి పొమ్మన్న్యాడు. మంచు మింద ఆడే హాలే ఆ ఊర్లో వెచ్చంగా ఉండేదమ్మా, నమ్ము. ఊరు ఊరంతా ఆడనే ఉండాది. గోలు పడింది. అందరూ అరిసినారు. నేనూ అరిసినా. మూడు నెల్లయింది నేను గట్టింగా నోరు తెరిసి. నా గొంతు నాకే కొత్తంగా వినబడె."

"ఏమని అరిసినావు?"

"ఏమో అమ్మా. గోవిందా అన్న్యానేమో."

ఇట్లాంటి మనిషి జట్టు ఓడిపోతే దిగులుపడతాడని అనుకుంటాం. ఆయనకు ఓటమి లెక్కే కాదు. రసంలో ఉప్పు వేసి మరచిపోయేవాడు. ఆయన భయం వేరు. ఆ జట్టును లీగులోంచి తీసేస్తారని భయం. నాకు ఇందులో తల తోకా తెలియదు, ఆయన చెప్పగా విన్నదే చెబుతున్నాను. లీగులో మిగిలిన జట్లన్నీ దాదాపు రష్యాకు పడమటి పక్కనున్నాయట. ఈ ఊరు తూర్పు కొసన ఉంది. ఒక్క ఆట ఆడాలంటే ఏడెనిమిది గంటలు విమానంలో రావాలి. అంత దూరం రాలేమని పెద్ద జట్లు సణుగుతాయి. బాగా ఆడేవాళ్ళు రెండేళ్ళుండి దగ్గరి ఊళ్ళకు వెళ్ళిపోతారు. యుద్ధం మొదలయ్యాక బయటి దేశాల జట్లు కొన్ని లీగును వదిలేశాయి, బయటి ఆటగాళ్ళు కొందరు పోయారు. మిగిలినవాళ్ళకు ఖర్చు భారం. ఇక దూరంగా ఉన్నవాళ్ళనే కదా ముందు వదిలించుకునేది అని ఆయన లెక్క. ఏప్రిల్లో ఆటలు అయిపోయింది మొదలు, ఎండాకాలంలో జట్ల కొత్త జాబితా వచ్చేదాకా ఆయనకు నిద్ర పట్టేది కాదు.

ఒకసారి నేను కసురుకున్నాను. "పక్క దేశం మీద బాంబులేసేవాళ్ళతో ఎవరాడతారన్నా? పోతే పోనీ ఆ లీగు."

ఆయన కూర తరుగుతున్న కత్తి ఆపాడు. "అదీ నిజమేమ్మా" అన్నాడు. "ఆ గేటు కాడి ముసిలాయన మనవడు యుద్ధానికి పోయినాడంట. పిల్లోళ్ళ గ్రూపులో రాసినారు. ఏమనుకోవల్లో నాకు తెలీలేదు. జట్టు ఉండాలనుకుంటే తప్పా? తప్పయితే చెప్పు, మానుకుంటా" అన్నాడు. ఎర్రగడ్డలు తరగమని చెప్పి వచ్చేశాను.

రష్యా భాష ఆయనకు వంటకు కావలసినంతే వచ్చు. ఉప్పు, క్యాబేజీ, చాలు, దండం. వార్తలు చదివిపెట్టడానికి సుహాసినిని పట్టుకున్నాడు. నగరి మరమగ్గాల వాళ్ళమ్మాయి, నర్సింగు రెండో ఏడు. ఫోను ఆ భాషను తెలుగులోకి మారుస్తుంది గానీ, ఆ తెలుగు తెలుగువాళ్ళకు అర్థం కాదు. "జట్టు యొక్క పాల్గొనుట ప్రశ్న కింద నిలబడి ఉన్నది" అని చదివేది సుహాసిని.

"ప్రశ్న కింద ఉండాదా? అయితే జవాబు ఎవురు చెప్పల్ల?"

"అది లేదు తాతా ఇందులో."

"సరే, ఇంకా కిందకి తొయ్. ఉంచినారా, తీసేసినారా? అది సూడు సాలు."

ఎండాకాలమంతా ఆయన నోట ఆ మాటే. టిఫిను పెడుతూ, పళ్ళేలు తీస్తూ, మెట్ల మీద సుహాసిని కనబడితే చాలు, "పాపా, ఉంచినారా, తీసేసినారా?" దేని గురించో తెలియని కొత్త పిల్లలు, కోర్టు కేసేదో ఉందనుకునేవాళ్ళు.

ఒక్క ఏడు మాత్రం ఆ జట్టు నాకౌటు ఆటలదాకా పోయింది. నాకౌటు మొదలైతే ఆటగాళ్ళు ఓడిపోయేదాకా గడ్డం గీసుకోరట, అభిమానులు కూడా గీసుకోరట. వంటాయన గడ్డం పెంచాడు. తిరుపతిలో గడ్డం పెంచితే ఎవరైనా ఏమనుకుంటారు? కూరగాయల ఆమె, ఆటో అతను, గ్యాసు బండ తెచ్చేవాడు, అందరూ "ఏం స్వామీ, మొక్కా?" అని అడిగేవాళ్ళు. "అవునప్పా" అనేవాడు. "ఎవురి కోసరం?" అంటే "మా పిల్లోళ్ళ కోసరం" అనేవాడు. వాళ్ళు ఆయన పిల్లలకేదో కష్టమొచ్చిందనుకుని, దేవుడు చల్లగా చూస్తాడని చెప్పి పోయేవాళ్ళు. కూరగాయల ఆమె కొత్తిమీర కట్ట ఊరికే ఇచ్చేది. ఇంతమంది నోట విని విని ఆయన కూడా అది మొక్కేననుకున్నాడో ఏమో, జట్టు వరసగా నాలుగాటలు ఓడి ఇంటిదారి పట్టిన మర్నాడు, కొండకు పోయి తలనీలాలూ గడ్డమూ ఇచ్చి నున్నటి గుండుతో వచ్చాడు.

"ఓడిపోయినారు కదన్నా, మొక్కు తీర్చడమేంది?" అన్నాను.

"గెలిపించమని నేనెప్పుడు మొక్కితినమ్మా? ఓడితే ఓడినారు. లీగులో ఉండనీ స్వామీ అని మొక్కినా, అంతే."

పోయిన ఏడు మొదట్నుంచీ వార్తలు బాగాలేవు. ఈసారి తీసేయడం ఖాయమని అభిమానులు రాసుకుంటున్నారని సుహాసిని చదివింది. వారం తర్వాత వంటాయన సుహాసినిని కూర్చోబెట్టి లీగు పెద్దలకు ఉత్తరం చెప్పి రాయించాడు. నేను అక్కడే బియ్యంలో రాళ్ళేరుతూ విన్నాను. "మహారాజశ్రీ హాకీ లీగు అధ్యక్షుల వారి దివ్యసముఖమునకు" అని మొదలుపెట్టాడు. తాసిల్దారు ఆఫీసు దగ్గర అర్జీలు రాసేవాళ్ళ దగ్గర నేర్చుకున్న భాష అది. ఆ తర్వాత సొంత మాటలు వచ్చాయి.

"అయ్యా, ఊరు దూరమని జట్టును తీసేయొద్దండి. నేనుండేది తిరుపతి. మా కొండకు యాడాడి నుంచో వస్తారు. రైల్లో నిలబడి వస్తారు, నడిసి వస్తారు. దూరమని స్వామిని ఎవురూ దగ్గిర ఊరికి మార్సమని అడగలేదు. దూరం నుంచి వచ్చినోడికే దర్సనం గట్టింగా పడతాది. దూరమున్నోళ్ళను తీసేస్తే, ఆపైన రొవ్వంత దూరమున్నోళ్ళు దూరమైపోతారు. అట్ల తీసేసుకుంటా పోతే కడకు మీరొక్కరే మిగలతారు. ఇట్లు, వంటమనిషి."

సుహాసిని దాన్ని ఫోనులో రష్యా భాషలోకి మార్చి పంపింది. స్వామి అనే మాటను ఆ ఫోను ఏం చేసిందో, దివ్యసముఖాన్ని ఏం చేసిందో దేవుడికే తెలియాలి. మూడో రోజు జవాబు వచ్చింది. ఒకటే వాక్యం. ఫోను దాన్ని "మీ విన్నపం స్వీకరించబడినది" అని తెలుగు చేసింది.

వంటాయన ఆ పూట కేసరి చేశాడు. నన్నడక్కుండా నెయ్యి డబ్బా తీశాడు, జీడిపప్పు పొట్లం విప్పాడు. పిల్లలందరికీ వడ్డిస్తూ, "ఒప్పుకున్న్యారు పాపా, ఒప్పుకున్న్యారు, తీసెయ్యరు" అని చెప్పుకుంటూ పోయాడు. నా పళ్ళెంలోనూ పెట్టాడు. నాకు నెయ్యి డబ్బా మీద కోపమొచ్చిందో, అంత పెద్దమనిషి అంత అమాయకంగా ఉండడం మీద వచ్చిందో చెప్పలేను.

"అన్నా, స్వీకరించడమంటే ఒప్పుకోవడం కాదు. నీ ఉత్తరం ముట్టింది అని. ఎవరు రాసినా మిషనే ఆ జవాబు పంపుతుంది. కరెంటాఫీసుకు రాసినా అదే వస్తుంది."

ఆయన గరిటె గిన్నెలో పెట్టేశాడు. "ముట్టింది, అంతేనా?" అన్నాడు.

"అంతే."

"అయితే ఇంగ కొండకు పోవల్లమ్మా" అన్నాడు.

మే నెలలో పోయాడు. బస్సులో కాదు, మెట్ల మీద, చెప్పుల్లేకుండా. మోకాళ్ళ పర్వతం దగ్గర బండలు పెనంలాగా కాలుతుంటాయి ఆ ఎండకు. ఆయనకు పదేళ్ళుగా సుగరుంది, పాదాల్లో తిమ్మిరి. కాలిన సంగతే తెలియలేదు. వచ్చాక వారం దాకా కుంటుకుంటూ వండాడు, అడిగితే ముల్లు గుచ్చుకుందన్నాడు. ఒకరోజు వంటింట్లో వాసన వేస్తే నేను ఎలుక చచ్చిందేమోనని మూటలన్నీ జరిపించాను. వాసన ఆయన కాలిది. పాదం నల్లబడి ఉంది.

ఆస్పత్రిలో చేర్పించాం. కూతురు వడమాలపేట నుంచి వచ్చి పక్కనుంది. టోలుగేటు దగ్గర టీ అంగడి నడుపుకునే పిల్ల, అచ్చం తండ్రి కళ్ళూ మూతే, మాటా అంతే నిదానం. నేనొకసారి వెళ్ళి చూశాను. కాలు మోకాలి కింది వరకు తీసెయ్యాలన్నారు. ఆయన నన్ను చూసి నవ్వి, "వంట సేసేది సేతుల్తోనే గదమ్మా" అన్నాడు. అంత ధైర్యంగా ఉన్నాడు కదా అని నేను కూడా ధైర్యంగా ఇంటికొచ్చేశాను. హాస్టలుకు కొత్త పిల్లలు చేరే రోజులు. సుహాసిని పరీక్షలు రాసి సెలవులకు నగరి పోయింది. మళ్ళీ పోదాం, రేపు పోదాం అనుకుంటుండగానే కూతురు ఫోను చేసింది, నాయన పోయాడని. ఆపరేషనై మూడో రోజు.

దినాలు అయ్యాక ఆ పిల్ల సామాను తీసుకుపోవడానికి వచ్చింది. రెండు చొక్కాలు, పంచెలు, గరిటె ఒకటి, ఆ ఉన్ని మఫ్లరు. మూట కట్టి, కట్టినదాన్ని మళ్ళీ విప్పి, నా వైపు తిరిగింది.

"అమ్మా, నిన్నొగ మాట అడగల్ల. ఆపరేసను ముందర నాయన బాగుండె. తీసేయండి స్వామీ, ఒంటికాల్తో వంట సేస్తా అని డాక్టరుతోనే నవ్వినాడు. ఆపరేసనయి మత్తు దిగతా ఉంటే నేనే పక్కనుండాను. కండ్లు తెరిసి, 'ఉంచినారా, తీసేసినారా?' అన్న్యాడు. దాచిపెట్టి ఏం లాభం అనుకుంటి. 'తీసేసినారు నాయనా' అంటి. కండ్లలో నీళ్ళు పెట్టుకున్న్యాడు. 'దూరమనే గదా' అన్న్యాడు. అంతేమ్మా. గోడ పక్కకు తిరిగి పండుకున్న్యాడు. ఆపైన ముద్ద ముట్టలే, నాతో మాటాడలే. కాలు పోతాదని ముందే తెలుసు గదా, మళ్ళా ఎందుకట్ల ఇరిగిపోయినాడు? దూరమంటాడేంది? యాడికి దూరం?"

ఆ పిల్లకు కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి మేడ మీదికి పోయాను. సుహాసిని అంతకు ముందు రోజే నగరి నుంచి వచ్చింది. "ఆ జట్టు సంగతి చూడు" అన్నాను. అది నా మొహం చూసి ఏమీ అడక్కుండా ఫోను తీసింది. కొత్త జాబితా వచ్చి ఉంది. వేలితో కిందకి తోసి, తోసి, ఒకచోట ఆగింది.

"ఉంచినారు మేడమ్."

"ఎప్పుడు చెప్పినారు?"

అది తారీఖు చూసి, వేళ్ళ మీద లెక్కపెట్టి, తల దించుకుంది. "తాతకు ఆపరేషనయిన దినానికి రెండు దినాల ముందరే."

ఆ రెండు రోజులూ ఆయన ఫోను చార్జింగు లేక కూతురి సంచిలో పడి ఉంది. సుహాసిని నగరిలో ఉంది. నేను ఇక్కడే ఉన్నాను. మా హాస్టలు నుంచి ఆ ఆస్పత్రికి ఆటోలో పది నిమిషాలు.

కిందికి దిగేసరికి ఆ పిల్ల కాఫీ తాగకుండా గ్లాసు చేతిలో పట్టుకునే ఉంది. "నేను తప్పు చెప్పినానామ్మా?" అని అడిగింది.

"లేదు పాపా. నువ్వు నిజమే చెప్పినావు" అన్నాను.

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని కాఫీ తాగింది. పుత్తూరు బస్సెక్కించి, కిటికీ దగ్గర సీటు చూసి, మూట ఒళ్ళో పెట్టి వచ్చాను. అసలు సంగతి ఆమెకు చెప్పాలా వద్దా అనేది ఇన్ని నెలలైనా నాకు తేలలేదు. చెబితే, ఒక్క మాటతో తండ్రిని చంపుకున్నానని ఆ పిల్ల జీవితాంతం కుమిలిపోతుంది. చెప్పకపోతే, ఆయన దేనికి ఏడ్చాడో ఆయన కన్నకూతురికి తెలియదు, నాకు మాత్రం తెలుసు. ఇది ఎక్కడి న్యాయం? ఒక్కోసారి, మత్తులో ఉన్న మనిషి కదా, కాలు గురించే అడిగాడేమో అని నాకు నేను సర్దిచెప్పుకుంటాను. కాలైతే దూరమని ఎందుకంటాడు? ఆ రోజు కేసరి ముందు నేనూ నిజమే చెప్పాను. నోరు మూసుకుని ఆ కేసరి తిని ఉంటే ఆయన ఆ ఎండలో కొండెక్కేవాడా? ఏమో. నాకు ఆ ఆటలో బిళ్ళే కనబడలేదు, ఇది మాత్రం ఏం కనబడుతుంది.

ఒక్క పని చేశాను. ఆ పిల్లను బస్సెక్కించి వచ్చిన మధ్యాహ్నం, మెస్సు మూసేశాక వంటింట్లోకి పోయి తలుపు దగ్గరగా వేసి, ఆయన కూర్చునే ఆ బియ్యం మూటకు వినబడేంత గట్టిగా అన్నాను, "ఉంచినారన్నా, ఉంచినారు" అని.